నాలుగో ఆమేన్

కొంగులు లేస్తున్నాయి. పాస్టరు అయ్యగారి నోట "ప్రార్థించుకుందాం" అన్న మాట ఇంకా పూర్తి కానేలేదు, ముందు వరుసలో ఎడమ చివర కూర్చున్న కమిటీ ఉపాధ్యక్షుడి భార్య కొంగును తలమీదికి లాక్కున్నది, ఆమె పక్కనున్నామె అటు తిరగకుండానే ఆ కదలికను గ్రహించి తానూ లాక్కున్నది, ఆ తరువాత రెండో వరుస, మూడో వరుస, స్త్రీల వైపు పద్నాలుగు వరుసలూ ఒకదాని వెంట ఒకటి, చేను మీద గాలి నడిచినట్టు. పదకొండు సెకన్లు. చేతి గడియారం చూసి మరీ లెక్కపెట్టాను. డెబ్బై ఒక్క ఏళ్లుగా ఈ గాలిలో నేనూ ఒక కంకినే, ఇవాళ మాత్రం నా కొంగు నా భుజం మీదే ఉన్నది, పక్కనున్నామె ఒక కన్ను తెరిచి నా తల వంక చూసి మళ్లీ మూసుకున్నది. రావమ్మ మేడమ్ మరచిపోయిందేమో, పెద్దదైపోయింది పాపం, అనుకుని ఉంటుంది. అనుకోనీ. వెనక్కు తిరిగితే కనిపించే చివరి బల్ల మీద, తలుపు పక్కన, తడిసిన గొడుగుల కుప్పకు దగ్గరగా మణెమ్మ కూర్చుని ఉన్నది. కంకిపాడులో మా సంఘం నడిపే ఆడపిల్లల హాస్టలుకు ఇరవై రెండేళ్లుగా మేట్రన్. ఆరాధన అయ్యాక ప్రకటనల సమయంలో ఆమెను ఆ పనిలోంచి, ఆ పనితోపాటు ఆ హాస్టల్లో ఆమె పడుకునే గదిలోంచి తొలగించే తీర్మానం చదువుతారు. చదివి, అంగీకరించేవారిని ఆమేన్ అనమంటారు. మా సంఘంలో చేతులెత్తడాలు, చీటీలు వేయడాలు లేవు, ఆమేన్ ఒక్కటే. ఇంకా గంట ఉన్నది. ఈ గంటలో నా కోపాన్ని ఒక వరుసలో పెట్టుకోవాలి, ఎందుకంటే వరుస లేని కోపాన్ని ఈ గుడిలో ముసలితనం అంటారు.

మొదటి నుంచి. పదిహేను రోజుల క్రితం, శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు మా సంఘపు నెట్ గుంపులో, ఒకరు మెయిల్ పంపితే అందరికీ చేరే చోట, ఒక ప్రార్థన విన్నపం వచ్చింది. గుంపు పెట్టింది ఎలీషా, నా చనిపోయిన చెల్లెలి కొడుకు, మా సంఘ కార్యదర్శి, రెండువేల మూడులో పెట్టాడు. ఇప్పుడు మూడు వందల పన్నెండు మంది, బెజవాడ వాళ్లు, గన్నవరం, గుడివాడ, మచిలీపట్నం వాళ్లు, గల్ఫుకు వెళ్లినవాళ్లు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటూ ఒకరి జ్వరానికి ఒకరు, ఒకరి పరీక్షకు ఒకరు ప్రార్థించుకునే గుంపు. మంచి గుంపే. నా కంటి ఆపరేషనప్పుడు వంద మంది రాశారు. ఎలీషా రాసిన విన్నపం నాకు ఇప్పుడు కంఠస్థం: కంకిపాడు హాస్టల్లో మన బిడ్డలు ముగ్గురు పచ్చకామెర్లతో బాధపడుచున్నారు, ప్రభువు వారిని స్వస్థపరచును గాక, ఈ విషయములో నిర్లక్ష్యము చేసినవారిని క్షమించి వారి మనస్సు మార్చును గాక. మూడు ముక్కలు. మొదటిది వార్త, రెండోది ప్రార్థన, మూడోది నేరారోపణ. కాని మూడోది రెండోదాని బట్టలు వేసుకుని వచ్చింది. ఎవరు నిర్లక్ష్యం చేశారు, ఏ విషయంలో, ఎప్పుడు, అసలు చేశారా, ఏదీ లేదు. క్షమించమని అడిగాక నేరం జరిగిందా అని ఎవరడుగుతారు? ఒంటిగంటా యాభై రెండుకు మొదటి ఆమేన్, కమిటీ ఉపాధ్యక్షుడిది. రెండున్నరకు రెండోది, ఆయన తమ్ముడిది. మూడూ ఐదుకు మూడోది, దుబాయిలో ఉన్న మా పాత గాయక బృందం పిల్లవాడిది. మూడూ నలభైకి నాలుగోది. ఐదోది మూడూ నలభై మూడుకు. ఆరోది నలభై నాలుగుకు. సుమారు ముప్పై ఐదేసి నిమిషాల ఎడం మూడు నిమిషాలకు, ఒక నిమిషానికి తగ్గిపోయింది. నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య ఏదో తెగింది. అక్కడ ఏం తెగిందో తెలుసుకోవడానికి నాకు పది రోజులు పట్టింది.

"ఆమేన్" అంటున్నారు. పెదవులు అప్రయత్నంగా విడివడబోయాయి, పళ్లతో పట్టి ఆపాను, కింది పెదవి మీద ఉప్పగా తగిలింది. ఎంత లోతున పాతుకుపోయిందో! మా అమ్మ ఒడిలో పాలు తాగుతూ నేర్చుకున్న మాట, అర్థం తెలియకముందే అలవాటైన మాట. కొంగులు దిగుతున్నాయి, ఈసారి తొమ్మిది సెకన్లు, దిగడం లేవడం కన్నా వేగం. పంకాల చప్పుడు, మల్లెపూల వాసన, తడిసిన చెప్పుల వాసన, బయట రోడ్డు మీద ఆటోవాడి హారను. పాట మొదలైంది. నేను పుస్తకం తెరిచి చూపు అందులో పెట్టాను, అక్షరాల మీద వేరే అక్షరాలు కనిపిస్తున్నాయి, నీలి సిరా, చదరపు గళ్ల కాగితం, నా స్టాటిస్టిక్స్ విద్యార్థినుల ప్రాక్టికల్ రికార్డులు. పందొమ్మిది వందల తొంభై రెండు, నేను రిటైరవడానికి ముందు సంవత్సరం. సగటు, విచలనం కట్టమని ఇచ్చిన లెక్కలో నలభై ఆరు రికార్డుల్లో ముప్పై ఒకటి ఒకే తప్పు జవాబుతో వచ్చాయి, మూడో దశాంశం దాకా ఒకే తప్పు. ఒప్పు అందరికీ ఒకేలా రావచ్చు, దానికి కాపీ అక్కర్లేదు. తప్పు మూడో దశాంశం దాకా ఒకేలా వచ్చిందంటే అది ఒక చేతి నుంచి ఇంకో చేతికి నడిచి వచ్చిందని అర్థం. ముప్పై ఒక్క రికార్డులూ బల్ల మీద పరచి ఎవరి కొట్టివేత ఎవరిలో లేదో, ఎవరి పేజీలో మధ్య మెట్లు ఉన్నాయో చూసి, సాయంత్రానికి ఆ తప్పు పుట్టిన చోటు పట్టుకున్నాను. మైలవరం నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, ఒక వరుసను రెండుసార్లు కూడింది. ముప్పై మందికి సున్నా వేశాను, ఆ పిల్లకు సగం మార్కులు ఇచ్చాను. ప్రిన్సిపాల్ పిలిచి అడిగింది, "అదేంటి రావమ్మగారూ, అసలు దొంగను వదిలేశారు?" అని. ఆమె దొంగ కాదు, ఆమె లెక్క చేసింది, తప్పు చేసింది, తక్కినవాళ్లు ఏమీ చేయలేదు, అన్నాను. ఎంత గర్వంగా అన్నాను!

వాక్యపఠనం. ఎవరో మగగొంతు చదువుతున్నది, నాకు దీవెన గొంతు వినిపిస్తున్నది. దీవెన ఎలీషా కూతురు, మైలవరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఎం.సి.ఏ., నన్ను నాయనమ్మా అంటుంది. నెట్లో జనం ఒకరిని చూసి ఒకరు ఎలా ప్రవర్తిస్తారో కంప్యూటర్లో నమూనా కట్టడం దాని ప్రాజెక్టు. వాళ్ల గైడు ఏవో విదేశపు లెక్కలిచ్చి చేయమంటే అది మొహం మాడ్చుకుని నా దగ్గరికొచ్చింది, మన గుంపు ఉండగా ఎవరి గుంపో ఎందుకే, అన్నది నేనే. మూడేళ్ల మెయిల్ ఉత్తరాలు, ప్రతి ఒక్కదానికీ తేదీ, గంట, నిమిషం, పేర్లు తీసేసి అంకెలు పెట్టాము. నమూనా చాలా సాదా. ప్రతి మనిషికీ లోపల ఒక గీత ఉంటుంది, ఎంతమంది అంటే తానూ అంటాడో ఆ సంఖ్య. ఎవరూ అనకముందే అనేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఇద్దరిని చూసి అనేవాళ్లు కొందరు, ఇరవై మందిని చూస్తే గాని కదలనివాళ్లు చాలామంది. దానికి తోడు మనుషులందరూ ఒకే బరువు కాదు. ఒకరి మాట ఒకరిగానే లెక్కకు వస్తుంది, ఇంకొకరిది ముగ్గురిగా. పాత ఉత్తరాల్లో ఎవరి తరువాత గంటలోపు ఎంతమంది వచ్చారో చూసి ఆ బరువులు కట్టాము. అంకె నలభై రెండు బరువు ఆరు వచ్చింది. గుంపులో అంతటి బరువు ఇంకొకరికి లేదు, అయ్యగారికి కూడా నాలుగే. "ఈ నలభై రెండు ఎవరో గాని నాయనమ్మా, గొర్రెల ముందు నడిచే మేకపోతు లాంటిది," అని నవ్వింది దీవెన. నేనూ నవ్వాను. ఆ తరువాత కామెర్ల ఉత్తరాన్ని నమూనాలో పెట్టి వెయ్యిసార్లు నడిపించాము. ఉన్నదున్నట్టు నడిపిస్తే వెయ్యింటిలో ఎనిమిది వందల అరవై సార్లు ఆమేన్లు నూట యాభై దాటాయి. నిజంగా వచ్చినవి నూట ఎనభై ఏడు. నాలుగో ఆమేన్ తీసేసి నడిపిస్తే నూట ఇరవై సార్లు మాత్రమే దాటాయి, తక్కినప్పుడు పదీ పదిహేను దగ్గర ఆరిపోయాయి. దీవెన నవ్వు ఆపింది. పేర్ల పట్టీ తెరిచింది. నావంక చూడలేదు, తెర వంక చూస్తూనే, మెల్లగా, "నలభై రెండు మీరే నాయనమ్మా. నాలుగోది కూడా మీదే," అన్నది.

నేనే. నాలుగో ఆమేన్ నాది. ఇన్ని రోజులుగా ఎలీషా మీద, గుంపు మీద, ఈ పద్నాలుగు వరుసల కొంగుల మీద పెంచుకున్న కోపం ఆ ఒక్క మాటతో వెనక్కు తిరిగి నా ఇంటి తలుపు తట్టింది. తక్కువ కాలేదు, తిరగడం వల్ల కోపం తగ్గదు, ఇంకా పదునెక్కుతుంది. ఆ శనివారం మధ్యాహ్నం ఏం జరిగిందో నిమిషం నిమిషం గుర్తు చేసుకున్నాను, సాక్షిని ప్రశ్నించినట్టు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. భోంచేసి పడుకుని లేచాను. ఫోను తీగ మోడెంకు తగిలించాను, తీగ కంప్యూటర్లో ఉన్నంతసేపూ ఇంటికి ఫోను రాదు కాబట్టి తొందర. పదకొండు ఉత్తరాలు. కంకిపాడు, బిడ్డలు, కామెర్లు, అన్న మూడు మాటలు చూశాను, అయ్యో అనుకున్నాను, కింద మూడు ఆమేన్లు కనిపించాయి. మూడో ముక్క, ఆ నిర్లక్ష్యం ముక్క, చదవలేదు. చదవలేదని నేను ఒట్టు వేసి చెప్పగలను, కాని ఎవరి ముందు? చదవకపోవడం నా నిర్దోషిత్వం కాదు, అదే నా నేరం. నాలుగు అక్షరాలు కొట్టి పంపాను. తొమ్మిది సెకన్లు పట్టి ఉంటుంది. ముప్పై నాలుగేళ్లు ఆడపిల్లలకు నేర్పాను, చూడకుండా సంతకం పెట్టకండమ్మా, పట్టిక కింద మొత్తం రాసి ఉన్నా సరే మళ్లీ కూడి చూడండమ్మా అని. నా తరువాత వచ్చిన నూట ఎనభై ముగ్గురూ ఎలీషా ప్రార్థనకు ఆమేన్ అనలేదు. నాకు అన్నారు. రావమ్మ మేడమ్ అన్నదంటే చూసే అన్నదనుకున్నారు. వాళ్లు ఏమీ చేయలేదు, ఆ ముప్పై మంది పిల్లల్లాగే. కాని ఈసారి ముందున్న పేజీలోనూ మధ్య మెట్లు లేవు, జవాబు ఒక్కటే ఉన్నది. ఆ ఏడాది నా రికార్డు నా బల్ల మీదికి వచ్చి ఉంటే సున్నా వేసి, ఎర్రసిరాతో కింద రెండు గీతలు గీసేదాన్ని.

ఆ తరువాతది రికార్డుల కథే. పదిహేడో ఉత్తరంలో ఎవరో తొందరలో ముగ్గురు పిల్లల్ని అంకెల్లో రాయబోయి మూడు ముందు ఒకటి కొట్టారు, పదమూడు అయింది. పద్దెనిమిది నుంచి చివరిదాకా, పిల్లల సంఖ్య రాసిన ప్రతి ఒక్కరూ పదమూడనే రాశారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, పైకి వెళ్లి ఎలీషా ఉత్తరం చూడలేదు. ఇరవై ఆరోది, నిర్లక్ష్యం చేసినది ఎవరో ప్రభువు బయలుపరచును గాక. ముప్పై మూడోది, హాస్టల్లో పిల్లల బాధ్యత మేట్రన్‌ది కదా. నలభయ్యోది, ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఆమె పసరు పోసిందని విన్నాము. ఎవరి దగ్గర విన్నారు? నలభై ఒకటోది, పసరు పోసిన చేతుల కొరకు ప్రార్థిద్దాం. చేతుల కొరకు! అక్కడి నుంచి ఆమె పేరు. పసరు నిజమే, ఆ ముగ్గురిలో ఒక పిల్లను వాళ్లమ్మ వచ్చి ఊరికి తీసుకెళ్లి అక్కడ పోయించింది, పిల్లకు ఎక్కువైంది, ఇప్పుడు ఆస్పత్రిలో తేరుకుంటున్నది. తీసుకెళ్లొద్దని మణెమ్మ గేటు దగ్గర ఆ తల్లి కాళ్లకు అడ్డం పడింది. ఇది నాకెలా తెలుసు? వెళ్లి అడిగాను కాబట్టి తెలుసు. బందరు రోడ్డు మీద బస్సెక్కితే ముప్పావు గంట. మూడు వందల పన్నెండు మందిలో ఆ ముప్పావు గంట ఎవరి దగ్గరా లేదు.

ప్రసంగం నడుస్తున్నది. ఏసుపాదం అయ్యగారు మంచివారు, గొంతు మంచిది, సహోదర ప్రేమ గురించి చెబుతున్నారు, ముందు వరుస తలలు ఊగుతున్నాయి, వాటి వెనక వరుస తలలు ఊగుతున్నాయి. నేను గురువారం మధ్యాహ్నపు ఎండలో ఉన్నాను, పెనమలూరు దాటాక కాలువ పక్కన పచ్చని నాట్లు, కిటికీలోంచి తడి మట్టి వాసన, తరువాత హాస్టలు గేటు. మణెమ్మ నన్ను చూసి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "మీరెందుకొచ్చారండీ ఇంత ఎండలో, కబురు చేస్తే నేనొచ్చేదాన్ని గదా," అని కుర్చీ తెచ్చి వేసింది, తాను మెట్టు మీద కూర్చున్నది. నీళ్లు తెచ్చి ఇచ్చింది, ఇస్తూ, "కాచినయ్యేనండీ, భయపడమాకండి," అన్నది. కాలువ నీళ్లు తోడి నింపే ట్యాంకు మూత కిందటి తుపాను గాలికి పగిలిపోయింది. మూడుసార్లు ఉత్తరం రాసింది, కార్యదర్శిగారికి అని పైన రాసి, సంఘం ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు నకలు మీద ముద్ర వేయించుకుంది. ముద్రలు నాకు చూపించింది, మూడు, ఏప్రిల్, జూన్, జులై. చచ్చిన కాకిని ఒకసారి, ఎలుకను ఒకసారి తానే ఎక్కి తీసింది. కట్టెలు ఉన్నంతకాలం నీళ్లు కాచి పోసింది, కట్టెలు అయిపోయాక ఆ వివరమూ మూడో ఉత్తరంలో రాసింది. నిర్లక్ష్యం చేసినవారు ఉన్నారు. ఆ విన్నపం రాసిన చేతికే ఆ మూడు ఉత్తరాలూ అందాయి. "మరి నువ్వెందుకు మణెమ్మా ఆమేన్ అన్నావు?" అని అడిగాను, ఎందుకంటే గుంపులో పదకొండో ఆమేన్ ఆమెది, మణెమ్మ, కంకిపాడు హాస్టల్, అని పేరుతో సహా. ఆమె నావంక వింతగా చూసింది. "ప్రార్థన చేస్తే ఆమేన్ అనకుండా ఎట్టా ఉంటామండీ?" అన్నది. ఆ తరువాత అన్నది, "అయినా నేను కొట్టేదేందండీ, నాకా మిషను రాదు. సెంటర్లో నెట్టు కొట్టు ముస్తాక్ లేడూ, ఆయనకి చెప్పి పెట్టా. ఏ ప్రార్థనొచ్చినా నా పేరున ఒక ఆమేన్ పెట్టెయ్యి నాయనా అని. మూడేళ్లబట్టి పెడతానే ఉన్నాడు పాపం."

ముస్తాక్ కొట్టుకు నడిచి వెళ్లాను. నలభై ఏళ్ల మనిషి, గోడకు ఒక మసీదు బొమ్మ, దాని కింద రైళ్ల టైము పట్టిక. నేను ఎవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు. "నేనే కొట్టానండీ మేడమ్‌గారూ. మూడూ యాభైకి. మణెమ్మగారి ప్రార్థనలన్నీ నేనే చూసుకుంటా. మీ వాళ్లలో ఎవరికి ఏ జబ్బో నాకు తెలిసినంత మీకు కూడా తెలీదు," అని నవ్వి, నా ముఖం చూసి నవ్వు మానేశాడు. "ఏమైనా తేడా వచ్చిందాండీ?" వచ్చింది నాయనా, ఆ ఆమేన్‌ను కమిటీవాళ్లు ఆమె నేరం ఒప్పుకోలుగా రాసుకున్నారు, అన్నాను. "అదెట్టా కుదురుద్దండీ? ఆమె బడికెళ్లిన పిల్లల కోసం ప్రార్థనొచ్చినా ఆమేనే పెట్టమంది, ఎలచ్చన్ల కోసమొచ్చినా ఆమేనే పెట్టమంది. కావాలంటే నేనొచ్చి మీ గుళ్లో చెప్తా." ఒక సంఘం మొత్తం మీద ఈ సంగతిలో బుద్ధిగా ఆలోచించిన మొదటి మనిషి మా సంఘంలో లేడు. నిన్న సాయంత్రం ఎలీషా ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పాను, ముద్రల నకళ్లు వాడి బల్ల మీద పెట్టాను. వాడు వాటిని తాకలేదు. "పెద్దమ్మా, నేను ఎవరి పేరూ రాయలేదు. చదువుకోండి కావాలంటే." రాయలేదురా, అందుకే అందరూ రాశారు, అన్నాను. "నూట ఎనభై ఏడు మంది సాక్ష్యం ఉంది పెద్దమ్మా. ఆమే స్వయంగా ఒప్పుకుంది, పదకొండో మెయిల్." అది ముస్తాక్ కొట్టాడురా! "ముస్తాక్ ఎవరు?" వాడు నిజంగానే తెలియక అడిగాడు. ఆ మూడు ఉత్తరాలు విప్పి చదివాడా అని అడిగితే తల దించుకుని, "మెంటెనెన్స్ ఫైల్లో పెట్టమని చెప్పాను. కమిటీలో అందరూ అట్లాగే పెడతారు," అన్నాడు. వాడు దుర్మార్గుడు కాదు, అదే నా బాధ, దుర్మార్గుడైతే ఒక్కడితో పోయేది. లేచి వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి, మా చెల్లెలి గొంతు లాంటి గొంతుతో, "అసలు మీరు ఆమేన్ అన్నాకే గదా పెద్దమ్మా నాకూ ధైర్యం వచ్చింది," అన్నాడు.

రాత్రంతా ఆ మాట నా మంచం పక్కన కూర్చున్నది.

ప్రసంగం అయిపోయింది, పాట అయిపోయింది. ఎలీషా కాగితం పట్టుకుని లేచాడు. తెల్లచొక్కా, నేను కొనిచ్చిన కళ్లజోడే పెట్టుకున్నాడు. ప్రకటనలు, బుధవారం స్త్రీల కూటం, గాయక బృందం అభ్యాసం, ఆ తరువాత గొంతు సవరించుకున్నాడు, అది విని ముందు వరుసలో ఇద్దరు తమ గొంతులు సవరించుకున్నారు. కంకిపాడు బాలికల వసతి గృహము విషయమై కమిటీ వారు ప్రార్థనాపూర్వకముగా ఆలోచించి, మణెమ్మగారిని ఆ బాధ్యతల నుండి విరమింపజేయుటకును, నెలాఖరులోగా ఆమె గదిని ఖాళీ చేయించుటకును తీర్మానించినందున, సంఘము ఏకమనస్సుతో. ఏకమనస్సు! మూడు వందల మందికి ఒకే మనస్సు ఎప్పుడు ఉంటుందంటే మూడు వందల మందిలో ఎవరికీ మనస్సు లేనప్పుడు. "అంగీకరించేవారు ఆమేన్ చెప్పండి." ఉపాధ్యక్షుడు అన్నాడు. ఆయన తమ్ముడు అన్నాడు. మూడోది స్త్రీల ముందు వరుసలో ఆ మొదటి కొంగు. దీవెన నాతో ఇంకో లెక్క కూడా చేయించింది, నాలుగో మనిషి ఆమేన్‌కు బదులు ఒక ప్రశ్న వేస్తే ఏమవుతుందో చూద్దాం నాయనమ్మా అని. వెయ్యింటిలో ముప్పై ఎనిమిది సార్లు మాత్రమే గుంపు నూట యాభై దాటింది. ప్రశ్న వేయడానికి మోకాళ్లు సహకరించాలని నమూనాలో లేదు. ముందు బల్ల అంచు పట్టుకున్నాను, లేచాను.

"అయ్యగారూ, నెట్ గుంపులో నాలుగో ఆమేన్ నాది. నేను చదవకుండా అన్నాను. వెనక్కు తీసుకుంటున్నాను," అన్నాను. నా గొంతు తరగతి గదిలో చివరి బల్లకు వినిపించే గొంతే, ఇంకా ఉన్నది. "నాది ఒక్క ప్రశ్న. హాస్టల్లో నీళ్ల ట్యాంకుకు మూత ఎప్పుడు వేయించారు?"

పంకాల చప్పుడు. ఎలీషా పెదవులు కదిలాయి, "పెద్దమ్మా, కూర్చోండి, తరవాత మాట్లాడుకుందాం." నేను కూర్చోలేదు. నకళ్ల కాగితాలు ఎత్తి పట్టుకున్నాను, మూడు ముద్రలు ఆ దూరానికి ఎవరికీ కనిపించవని తెలుసు. నిశ్శబ్దం నాలుగు సెకన్లు, ఐదు, ఆరు, ఆరంటే చాలా ఎక్కువ, గుంపు ఆరిపోయేది ఇక్కడే, లేదా నేను ఆరిపోయేది ఇక్కడే. ఏడో సెకనుకు నా వెనక రెండు వరుసల అవతల ఒక ఆడగొంతు, "ఏ ట్యాంకండీ?" అన్నది. ఆ గొంతు నాకు తెలియదు. ఆ తరువాత మగవారి వైపు నుంచి, "మూత లేదా అసలు?" "కాలవ నీళ్లేనా పిల్లలకి?" "ఎన్నాళ్లబట్టి?" ఒకదాని మీద ఒకటి, ఎడం తగ్గుతూ, మూడు సెకన్లు, ఒక సెకను. నాకు సంతోషం కలగలేదు. కలగాలి కదా అని చూసుకున్నాను, కలగలేదు. వీళ్లు ట్యాంకు గురించి ఆలోచించి అడగడం లేదు, రావమ్మ మేడమ్ అడిగింది కాబట్టి అడుగుతున్నారు, రేపు ఆరు బరువున్న ఇంకెవరో ఇంకేదో అంటే అదీ అంటారు. ఇందులో దిక్కు మారింది, గాలి మారలేదు. అయ్యగారు రెండు చేతులూ ఎత్తారు. "శాంతి, శాంతి అండీ. ట్యాంకు చూసి వచ్చేదాకా ఈ తీర్మానం ఆపుదాం. బుధవారం నేనే వెళ్తాను కంకిపాడు. ఎలీషాగారు నాతో వస్తారు. అప్పటిదాకా మణెమ్మగారు తన గదిలోనే, తన పనిలోనే ఉంటారు." ఎలీషా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటున్నాడు, నావైపు చూడటం లేదు. చూడడు, కొన్నాళ్లు. "ప్రార్థించుకుందాం," అన్నారు అయ్యగారు.

కొంగులు లేచాయి. నేను నిలబడే ఉన్నాను, భుజం మీది కొంగుతో, ముందుకు కాదు, వెనక్కు తిరిగి. పద్నాలుగు వరుసల వంచిన తలల మీదుగా చివరి బల్ల దాకా దారి ఖాళీగా ఉన్నది. మణెమ్మ కొంగు తలమీద ఉన్నది, చేతులు జోడించి ఉన్నాయి, కాని కళ్లు తెరిచి ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి. అయ్యగారు సత్యం కొరకు, సమాధానం కొరకు, తొందరపడి పలికిన మాటల క్షమాపణ కొరకు ప్రార్థించి ముగించారు. గుడి మొత్తం ఒక్కసారిగా ఆమేన్ అన్నది, తలుపులు అదిరేలా. మణెమ్మ అనలేదు. ఏ ప్రార్థనకైనా తన పేరున ఒకటి పెట్టించుకునే మనిషి పెదవులు గట్టిగా మూసి ఉన్నాయి. తనకు తానుగా మూసుకున్నదో, నావి మూసి ఉండటం చూసి మూసుకున్నదో, ఆ తేడాను పట్టగల సూత్రం నా దగ్గర లేదు.